మావయ్య పూసిన పొడి

మ్యూజియంలో మా మావయ్యది చాలా పెద్ద ఉద్యోగమని నేను వీధంతా చెప్పుకొచ్చాను. రాజుల కత్తులకీ రాణుల నగలకీ ఆయనే దిక్కనీ, ఆయన తాళం తియ్యకపోతే ఎంతటి ఆఫీసరైనా మెట్ల మీద కూర్చుని గోళ్ళు కొరుక్కోవలసిందేననీ చెప్పేవాణ్ణి. నిజానికి ఆయన పని పురుగుల్ని చంపడం. చెక్క బొమ్మలూ, తోలు డోళ్ళూ, ఈకల కిరీటాలూ, పాత గుడ్డలూ ఉండే గదులు ఆయనవి. పగలంతా ఆ గదుల్లో తిరుగుతూ, అద్దాల మీద చేతులు ఆనించేవాళ్ళని "ముట్టుకోవద్దు" అంటూ ఉండాలి. సెలవురోజున అద్దాలు తెరిచి, ఏ బొమ్మ కింద కొత్తగా చెక్కపిండి రాలిందో చూడాలి. రాలితే పొడి కొట్టాలి.

మావయ్య ముక్కు గురించి నేను చెప్పినవి మాత్రం అబద్ధాలు కావు, కాస్త సాగదీశానంతే. గది గుమ్మంలో నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, "ఆ మూల అల్మరాలో చేరిందిరా" అనేవాడు. ఆ పురుగు ఆడదో మగదో, పెళ్ళయిందో లేదో కూడా చెప్పగలడని నేను టీ కొట్టు దగ్గర చెప్పేవాణ్ణి. ఒకసారి ఆయన గొంతు సవరించుకుంటే పాత సింహాసనంలోంచి చెదలు బారులు తీరి, మూటాముల్లే సర్దుకుని, గేటు దాటి వెళ్ళిపోయాయని కూడా చెప్పాను. నమ్మినవాళ్ళు నమ్మారు. నేను తొమ్మిదో తరగతిలో బడిని వదిలేసినవాణ్ణి. బడే నన్ను వదిలేసిందని మా అమ్మ అంటుంది. ఏదైతేనేం, చదువులో పోయినదాన్ని మాటల్లో రాబట్టుకోవడం అలవాటైంది. తర్వాత ఒక వ్యాను చూసుకుని సామాన్లు తోలే పనిలో పడ్డాను. ఆ వ్యాను పని కూడా ఈ కథలో ఉంది.

కథ మాత్రం ఒక చెక్కబొమ్మ ఒడి గురించి. ఆ ఒడిలో ఒక పసిపిల్లని కూర్చోబెట్టవచ్చా, కూడదా అన్నదొక్కటే ఇందులో తేలవలసిన సంగతి.

ఆ బొమ్మ కొండవాళ్ళది. మావయ్య పుట్టకముందే ఎవరో పెద్ద అధికారి కొండ ఎక్కి, దిగేటప్పుడు బండిలో వేసుకొచ్చాడట. అడిగి తెచ్చాడో అడక్కుండా తెచ్చాడో అద్దం మీది చీటీలో లేదు. "కూర్చున్న స్త్రీ, చెక్క" అని మాత్రం ఉండేది. కూర్చున్నదే నా నడుం దాకా వచ్చేది. మొహం అరిగిపోయి కళ్ళూ ముక్కూ సరిగా తెలిసేవి కావు. రెండు చేతులూ ముందుకు చాచి ఉండేది. ఆ చేతుల మధ్య ఒడి లోతుగా, నున్నగా, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు ఉండేది.

మావయ్యకీ అత్తకీ పిల్లలు లేరు. ఆ బొమ్మని మావయ్య "పెద్దమ్మాయి" అనేవాడు. మొదట్లో సరదాకే అన్నాడు. తర్వాత అదే పేరైపోయింది.

"ఇవాళ ఇంత ఆలస్యమైందేం?" అని అత్త గుమ్మంలోనే నిలదీసేది.

"పెద్దమ్మాయికి కాస్త ఒంట్లో బాగాలేదే. ఒళ్ళో పిండి రాలింది."

"నేను జ్వరంతో మంచమెక్కితే ఎప్పుడైనా ఇంత కంగారు పడ్డారా? నా మొహాన కూడా ఇంత పొడి కొట్టండి, కుదురుతాను."

"నీకెందుకే పొడి? నీ జోలికొచ్చే ధైర్యం ఏ పురుగుకుంది?"

ఆయన భయానికి కారణం లేకపోలేదు. పెద్దమ్మాయి పక్క అల్మరాలో ఒక చెక్క డోలు ఉండేది. చూడ్డానికి నవనవలాడుతూ ఉండేది. ఒక సెలవురోజు మావయ్య దాన్ని తుడుద్దామని ఎత్తితే చేతుల్లోనే పిండై జారిపోయింది. లోపలంతా ఎప్పుడో తినేశాయి, పైన తోలూ రంగూ మిగిల్చాయి. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచి పెద్దమ్మాయి దగ్గరే కాపురం.

విచిత్రమేమిటంటే పెద్దమ్మాయి తలా, భుజాలూ, వీపూ ఇనుములా ఉండేవి. పురుగు వాటి జోలికి పోయేది కాదు. ఏటా వానలు మొదలయ్యేముందు ఒడిలోనే సూదిమొనంత కన్నాలు పడేవి. ఎందుకో మావయ్యకి అంతుపట్టలేదు. కుంచెతో కొడితే పొడి పైపైనే ఉండిపోతోందని, దాన్ని స్పిరిటులో కలిపి, ముద్దలా చేసి, ఒడిలో వేసి అరచేత్తో రుద్దేవాడు. పసిబిడ్డకి నూనె రాసినంత ఓపిగ్గా, చుట్టూ తిప్పుతూ, మడతల్లోకి వేళ్ళు పోనిస్తూ రుద్దేవాడు.

"చేతికి గుడ్డయినా కట్టుకోవచ్చుగా మావయ్యా?"

"గుడ్డ కట్టుకుంటే కన్నం వేలికి తెలియదురా. కంటికి కనపడనివి కూడా ఉంటాయి."

"ఇంతకీ అదేం పొడి?"

"మందు. పై గదిలో డబ్బాల్లో ఉంటుంది. నా ముందువాళ్ళు వాడారు, నేను వాడుతున్నా. నీకెందుకురా, నువ్వేమైనా పురుగువా?"

ఆయన ఉద్యోగం చివరి రోజుల్లో, రసాయన పరీక్షల గదిలో కొత్తగా ఒకమ్మాయి చేరింది. వస్తూనే ఆ డబ్బాలకి సీళ్ళు వేయించి, "ఇకమీదట ఇది వాడొద్దు తాతగారూ, మనుషులకి మంచిది కాదు" అంది. "మనుషులెవరు ముడుతున్నారమ్మా, మధ్యలో అద్దం ఉందిగా" అని మావయ్య నవ్వేశాడట. పొడి మానేశాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకే రిటైరయ్యాడు. చేతులు మాత్రం మ్యూజియంలోనే ఉండిపోయినట్టుండేవి. అరచేతులనిండా గట్టి గింజల్లాంటివి లేచి, గరుకుకాగితంలా తయారయ్యాయి. అరికాళ్ళూ అంతే. చెక్కతో పని కదా, అలాగే ఉంటాయి అనేవాడు.

"మావయ్యా, నీ చేత్తో నా వ్యాను తలుపు ఒక్కసారి రుద్దవూ? పాత రంగంతా ఊడొస్తుంది" అనేవాణ్ణి. ఆయన నిజంగానే వచ్చి రుద్దేవాడు. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వుకునేవాళ్ళం.

ఒకరోజు ఆ పరీక్షలమ్మాయి నుంచి ఫోనొచ్చింది. పెద్దమ్మాయిని కొండవాళ్ళకి తిరిగి ఇచ్చేస్తున్నారట. వాళ్ళు తీసుకెళ్ళడానికి వచ్చి ఉన్నారట. ఇన్నేళ్ళూ బొమ్మకి మందు పూసిందెవరో, ఆ మనిషిని చూడాలని పట్టుబట్టారట.

ఇంకేం! నాకు రెక్కలొచ్చాయి. కొండజాతి పెద్దలు మా మావయ్యకి పతకం వేయబోతున్నారనీ, పేపర్లవాళ్ళు కెమెరాలతో బయల్దేరారనీ వీధి మొదలు నుంచి చివరి దాకా చాటింపు వేశాను. మంగలి దగ్గర పతకం వెండిది. టీ కొట్టుకి వచ్చేసరికి బంగారమైంది. అత్త చొక్కా ఇస్త్రీ చేస్తూ, "మొహం చూడు, కూతుర్ని అత్తారింటికి సాగనంపేవాడిలా" అని దెప్పింది.

"అత్తారింటికి కాదే, పుట్టింటికి" అన్నాడు మావయ్య. అని, కళ్ళజోడు తుడుచుకోవడానికి పక్కగదిలోకి వెళ్ళాడు.

వ్యానులో దారంతా ఆయన ఒక్కటే అడిగాడు. "వాళ్ళకి ఆ కన్నాల సంగతి చెప్పాలిరా. కొండమీద చెమ్మ ఎక్కువ. ఎవరు చూస్తారు?"

పరీక్షల గది మ్యూజియం వెనకాల ఉంది. తెల్ల దుప్పటి పరిచిన బల్ల మీద, పెద్ద దీపం కింద పెద్దమ్మాయి కూర్చుని ఉంది. మధ్యలో అద్దం లేకుండా, సెలవురోజు కాని రోజున ఆమెని చూడటం నాకదే మొదలు. ఎదురుగా స్టూలు మీద ఒక ముసలవ్వ. పక్కన ఆమె మనవరాలు, భుజం మీద నిద్రపోతున్న ఆడపిల్లతో. గోడ దగ్గర క్యూరేటరు గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరి మొహంలోనూ పతకం ఇచ్చే కళ లేదు.

అవ్వ మాటా మా మాటే, కాకపోతే తొందర తెలియని మాట. "పొడి పూసింది నువ్వేనా నాయనా?" అంది.

"నేనేనమ్మా. చేరిన ఏడు నుంచి దిగిన ఏడు దాకా ఒక్క ఏడు కూడా తప్పలేదు. చూసుకోండి, ఎక్కడైనా ఒక్క కన్నం కొత్తది ఉందేమో."

నేను పక్కనుంచి అందుకున్నాను. "వాన ముంచెత్తి గేట్లు మూసేస్తే గోడ దూకి వచ్చి మరీ పూశాడు అవ్వా." ఆ గోడ నేను అప్పటికప్పుడు కట్టింది.

అవ్వ నా వైపు చూడలేదు. "ఎక్కడ ఎక్కువ పూశావు?" అంది.

పరీక్షలమ్మాయి తల దించుకుంది. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

"ఒళ్ళోనమ్మా" అన్నాడు మావయ్య. అరచెయ్యి గాల్లో తిప్పి చూపించాడు. "పురుగుకి అదే ఇష్టం. అదేం చోద్యమో, ఇన్నేళ్ళయినా నాకు తెలీలేదు."

అవ్వ నవ్వింది. "అందులో చోద్యమేముంది? మా పిల్లలందరూ మెడ నిలబడగానే ఆ ఒళ్ళో కూర్చున్నవాళ్ళే. కక్కిన పాలూ, చొంగా, ఉచ్చా అన్నీ అందులోకే. మా తాతల తాతలవి కూడా ఇంకిపోయుంటాయి. పురుగుకి తియ్యగా ఉండదూ? నేనూ పోశానట. గుక్కపట్టి ఏడుస్తూ పోశానని మా అమ్మ నా పెళ్ళిలో కూడా చెప్పి నవ్వింది. ఆఖరుదాన్ని నేనే. నా తర్వాత ఎత్తుకుపోయారు."

ఆ ఒడిలో కూర్చోబెట్టి, చుట్టూ అందరూ చేరి పిలిస్తే అదీ పేరు. మనిషి పుట్టేది అప్పుడే, అంతవరకూ వచ్చిన చుట్టం కిందే లెక్క. బొమ్మ పోయాక పుట్టినవాళ్ళకీ పేర్లున్నాయి, బడిలో రాసుకోవడానికి.

"అవన్నీ అరువు పేర్లు" అంది అవ్వ. "నా పిల్లలవి అరువే, ఈ మనవరాలిదీ అరువే. ఇదిగో, ఈ పసిదానికి మాత్రం ఏ పేరూ తగిలించనివ్వలేదు. అమ్మ తిరిగొస్తోందని తెలిశాక ఇంకా అరువెందుకు?"

మావయ్య మొహం విప్పారింది. ఇన్నేళ్ళూ అద్దం వెనక ఖాళీగా చూసిన ఒడిలో పసిపిల్ల కూర్చోబోతోంది. "అయితే ఇవాళేనా? ఇక్కడేనా?" అంటూ పిల్లని చూడటానికి చెయ్యి చాచాడు.

మనవరాలు పిల్లని పొదువుకుని వెనక్కి జరిగింది.

"తాతగారూ," అంది పరీక్షలమ్మాయి, "ఆ పొడి పాషాణం. ఒళ్ళో చెక్క లోపలిదాకా దిగిపోయింది. ఎంత తుడిచినా పరీక్షలో మళ్ళీ తేలుతోంది. పసిపిల్ల ఒళ్ళు తగలకూడదు. ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు కదా. వీళ్ళకి నిన్ననే చెప్పాను. అవ్వ నమ్మట్లేదు. పూసిన మనిషి నోటితో చెప్తేనే నమ్ముతానంది."

"ఎలా నమ్మను?" అంది అవ్వ. "మొన్నటిదాకా అద్దం. ఇప్పుడు విషం. ఇవ్వడం ఇష్టం లేనివాళ్ళు ఏదో ఒకటి అంటారు. నువ్వు చెప్పు నాయనా. నువ్వు విషం కాదంటే ఇప్పుడే కూర్చోబెడతా."

నేను మావయ్య వైపు చూశాను. ఇలాంటప్పుడు నేనైతే క్షణంలో ఏదో ఒకటి అల్లేసేవాణ్ణి. ఆయనకి ఆ విద్య రాదు. బల్ల చుట్టూ తిరిగాడు. పెద్దమ్మాయిని ముందు నుంచి చూశాడు, పక్క నుంచి చూశాడు.

"కడిగితే పోదా అమ్మా?" అని పరీక్షలమ్మాయిని అడిగాడు.

"నీళ్ళు ఇంకా లోపలికి తోస్తాయి తాతగారూ. ఆ నీళ్ళు మళ్ళీ ఎక్కడ పారబోస్తాం?"

"మందంగా గుడ్డ పరిస్తే?"

"గుడ్డకీ అంటుతుంది."

"పోనీ, పలచగా గీకేస్తాను. ఒడి వరకే. నేనే గీకుతాను, నాకు..."

"ఒడి గీకేస్తే ఇంక మిగిలేదేముంది నాయనా?" అంది అవ్వ.

మావయ్య ఆగిపోయాడు. తన గొంతు తనకే కొత్తయినట్టు చెప్పాడు. "నిజమేనమ్మా. ముద్ద చేసి రుద్దాను. అక్కడే ఎక్కువ రుద్దాను. పిల్లని కూర్చోబెట్టొద్దు."

రెండు అరచేతులూ తెరిచి ఆమె ముందు పెట్టాడు, సాక్ష్యం చూపించినట్టు. అవ్వ ఒక చేతిని దగ్గరికి లాక్కుని, ఆ గింజల మీద బొటనవేలితో నెమ్మదిగా తడిమింది. పరీక్షలమ్మాయి వంగి చూసి, రంగు మారిన మొహంతో, "ఇవి ఎప్పటినుంచీ ఉన్నాయి?" అంది. నేను కిటికీలోంచి నా వ్యాను తలుపు వైపు చూస్తూ ఉండిపోయాను.

"నిన్నూ తింటోందా అయితే?" అంది అవ్వ.

మనవరాలు అప్పుడు మొదటిసారి మాట్లాడింది. "అవ్వా, నీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని పిలు. నువ్వు అక్కడ కూర్చున్నదానివేగా."

"నా ఒడి నా ఒడేనే. దానికి బదులు ఎట్లా అవుతుంది?" కోపంగా అనలేదు. తెలిసిన సంగతి చెప్పినట్టు అంది.

ఏదైనా దారి దొరికేదాకా ఇక్కడే ఉంచుకుంటామని క్యూరేటరు గారు మెల్లగా అన్నారు. అవ్వ అప్పటికే లేచి నిలబడింది. "జబ్బు చేస్తే మాత్రం అమ్మని పరాయి ఇంట్లో వదిలేస్తామా? పదండి."

పెద్దమ్మాయిని తీసుకెళ్ళింది నా వ్యానులోనే. అడిగి మరీ వేయించుకున్నాను. ఆ కొండదారి మలుపుల గురించి నేను తర్వాత చాలాచోట్ల చాలా చెప్పాను. ఒక చక్రం లోయ మీద గాల్లో తిరిగిందని కూడా చెప్పాను. కానీ ఆ రోజు మామూలుగా, నెమ్మదిగా నడిపాను. మావయ్య ముందు సీట్లో కూర్చోనన్నాడు. వెనకాల పెట్టె పక్కన, దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

పట్టపగలు చేరాం. ఊరంతా దారిలోనే ఉంది. కొత్తగా వేసిన పాకలో మట్టి అరుగు అలికి ఉంచారు. ముసలివాళ్ళు ముందు, పిల్లల తల్లులు వెనక. పెట్టె తెరిచి, చేతులకి తొడుగులు వేసుకుని, పెద్దమ్మాయిని అరుగు మీద కూర్చోబెట్టాం. అందరి చేతులూ ఒక్కసారి లేచాయి. అవ్వ విషం సంగతి చెప్పింది. ఆమె ఒక్కొక్క మాటా చెబుతుంటే ఒక్కొక్క చెయ్యీ దిగిపోయింది.

ఎంత దూరంలో నిలబడాలో చూపించమని మావయ్యని అడిగారు. ఆయన అరుగు చుట్టూ మెల్లగా నడుస్తూ, చెప్పు కొసతో నేల మీద గీత గీశాడు. మ్యూజియంలో తాడు కట్టే దూరమే అది. ఆయన కాలికి ఆ కొలత అలవాటు.

అప్పుడు ఎవరి చంకలోంచి జారిందో, నడక కొత్తగా వచ్చిన ఒక బుడత రెండు చేతులూ ముందుకు చాచి, ఆ చాచిన చేతుల వైపు పరుగెత్తింది.

"ముట్టుకోవద్దు!"

మావయ్య గొంతే. గదుల్లో అంతకాలం పలికిన అదే గొంతు, అదే బిగువు. ఆయన అనలేదు, అలవాటు అంది. బుడత గీత మీద ఆగిపోయి, పెదవి విరిచింది. మ్యూజియంలోనైతే ఆ మాట విన్నవాళ్ళు తప్పుకుని పక్క అల్మరాకి వెళ్ళిపోయేవాళ్ళు. ఇక్కడ వాళ్ళకి వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. అక్కడే నిలబడి ఉన్నారు.

తిరుగు ప్రయాణంలో మావయ్య ముందు సీట్లోనే కూర్చున్నాడు, అరచేతులు పైకి పెట్టుకుని. కొండ దిగాక అడిగాడు.

"ఒరేయ్ అల్లుడూ, నేను పూయకపోతే అది డోలులాగే పిండయ్యేది కదరా?"

"అయ్యేదే మావయ్యా."

కాసేపటికి మళ్ళీ అదే అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను.

అత్త గుమ్మంలో ఎదురొచ్చి, "ఏదీ పతకం?" అనబోయి, మా మొహాలు చూసి మానేసింది. ఆ తర్వాత వీధిలో ఎవరడిగినా ఆవిడే జవాబు చెప్పేది, నన్ను నోరెత్తనివ్వలేదు. మావయ్య చేతుల మీది గింజల్లో ఒకటి పుండైంది. ఆస్పత్రిలో దాని పేరు చెప్పారు. పరీక్షలమ్మాయి వారం వారం వచ్చి మంచం పక్కన కూర్చునేది. ఆమె లేచేటప్పుడు మావయ్య ఒక్కటే అడిగేవాడు: "తగ్గిందామ్మా?" తన చేతుల సంగతి కాదు, ఒడి సంగతి. ఆమె తల అడ్డంగా ఊపేది. మావయ్య పోయినరోజున కొండ నుంచి అవ్వ దిగొచ్చింది. ఆయన చేతుల్ని దుప్పటి కింద పెట్టనివ్వక, బయటే ఉంచమంది.

పరీక్షలమ్మాయి ఇప్పటికీ వీలైనప్పుడల్లా నా వ్యానులో కొండకి వస్తుంది. తడి దూదితో ఒడిని ఒత్తి, చిన్న సీసాలో వేసుకుని వెళుతుంది. విషం ఇంకా అలాగే ఉంది. అవ్వ ఇంకా ఉంది, చూపు తగ్గింది. ఆ పిల్లకి ఏ పేరు అనుకున్నావని ఒకసారి అడిగాను. "బయట అనేస్తే అరువైపోతుంది" అంది. మనవరాలికి కూడా చెప్పలేదట. అవ్వ ఉన్నన్నాళ్ళే ఆ పేరు కూడా ఉంటుంది.

నేను కలిపినవన్నీ మావయ్య చేత దూకించిన ఆ గోడతోనే అయిపోయాయి. ఆ తర్వాతది జరిగింది జరిగినట్టే చెప్పాను.

మొన్న వెళ్ళినప్పుడు ఆ పిల్ల నా వ్యాను మెట్టెక్కి, స్టీరింగు పట్టుకుని వేలాడింది. బాగా మాటలొచ్చాయి. ఈ వ్యాను మబ్బుల మీద కూడా నడుస్తుందని చెప్పాను. కళ్ళు ఇంతవి చేసుకుని విని, "అబద్ధం" అని నవ్వింది.

నోరు జారి అడిగేశాను. "నీ పేరేంటే?"

పిల్ల పాక వైపు ఒకసారి చూసి, చాలా మామూలుగా చెప్పింది.

"ఇంకా రాలేదు."